వెలిసిన రంగుల పుస్తకం

కంపెనీ మెడికల్ ఉన్న పొద్దున గీతాంజలి మొట్టమొదట తగువు పడేది బరువు మిషన్‌తో. రాత్రంతా ఖాళీగా ఉన్నా సరే, ఎవరో ఎక్కి నిలబడినట్టు కిలోన్నర చూపిస్తుంది. మడమతో ఒక పక్క తడితే గానీ సున్నాకు రాదు. దాన్ని సున్నాకు తెచ్చి, ఎత్తు కొలిచే కడ్డీ తుడిచి, పరీక్ష మంచం మీద కొత్త కాగితం పరిచి, బీపీ పట్టీని స్పిరిట్ దూదితో తుడిచి, టార్చి వెలుగుతోందో లేదో చూసి, మోకాలి మీద కొట్టే రబ్బరు సుత్తిని డాక్టర్ బల్ల మీద పెట్టేది. ఆ సుత్తిని ఆయన వాడగా ఆమె ఒక్కసారీ చూడలేదు. పెట్టకపోతే మాత్రం యాడ అని అడిగేవాడు.

పెనుకొండలో డాక్టర్ అమర్‌నాథ్ క్లినిక్‌లో ఆమె మెడికల్ అసిస్టెంట్‌గా చేరి మూడు నెలలైంది. ఊరికి దగ్గర్లో వైర్లు కూర్చే కంపెనీ ఒకటి ఆడవాళ్లను పనిలోకి తీసుకుంటోంది. చేరాలంటే ఈ క్లినిక్ నుంచి ‘ఫిట్’ అని కాగితం తేవాలి. ఆ కాగితంలో పదిహేడు గడులు. పదహారు గీతాంజలి నింపుతుంది. పదిహేడోది డాక్టర్ సంతకం.

ఆ సోమవారం ఇరవై ఇద్దరు వచ్చారు. ఇరవై ఒక్కమందిని కంపెనీకి మనుషులను కుదిర్చే ఏజెంటు తిమ్మరాజు తన వ్యాన్‌లో తెచ్చాడు. ఒకామె మాత్రం ధర్మవరం నుంచి ప్యాసింజర్ రైలెక్కి తనంతట తానే వచ్చింది. పేరు భారతి, వయసు ముప్పై నాలుగు.

“ఏమ్మా, ఇంగా నలుగురేనా అయ్యింది?” తిమ్మరాజు తలుపులోంచి తొంగిచూశాడు. “మద్దేన్నానికి వ్యాన్ తిప్పల్ల నేను.”

“వచ్చీరాంగానే బీపీ చూస్తే తప్పు వస్తుందన్నా. ఐదు నిమిషాలన్నా కూసోవల్ల.”

“నూటిరవై, ఎనభై అని రాసెయ్. ఎవరు సచ్చిపోతారు?”

గీతాంజలి బీపీ పట్టీ చుడుతూనే ఉంది. ముందు పనిచేసిన అసిస్టెంటు అట్లే రాసేవాడట. పాత ఫైళ్లు తిరగేస్తే ఊరూరంతా ఒకే నూటిరవై, ఒకే ఎనభై. ఆమెకు అది చేతకాదు. చదువుకునేటప్పుడు నేర్పిన మేడమ్ తిట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. కాళ్లు నేలకానాలి, వీపు కుర్చీకానాలి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి, కొలిచేటప్పుడు మాట్లాడించకూడదు. ఇవన్నీ చేసేసరికి వరండాలో సణుగుడు మొదలయ్యేది. చేస్తే ఆలస్యమంటారు, చెయ్యకపోతే తన మనసే ఊరుకోదు. రోజూ ఇదే రోత.

భారతికి మొదటిసారి నూట నలభై ఆరు వచ్చింది.

“టిఫిన్ తిన్నారా అక్కా?”

“ఖాళీ కడుపుతో రమ్మన్నారు కదా మేడమ్. నిన్న సాయంత్రం నుంచి నీళ్లు గూడ తాగలే.”

ఖాళీ కడుపంటే నీళ్లు కూడా ముట్టకూడదనుకునేవాళ్లు పదిమందిలో ఆరుగురు ఉంటారు. చెప్పేవాళ్లు సరిగా చెప్పరు, వినేవాళ్లు భయంతో రెండింతలు పాటిస్తారు. గీతాంజలి ఆమెకు గ్లాసు నీళ్లిచ్చి, పదినిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూసింది. నూట ఇరవై ఆరు. అదే రాసింది. ఎత్తు చూసేటప్పుడు కొప్పు పక్కకు నెట్టి కొలిచింది. గోడ మీది అక్షరాల పట్టికలో చిట్టచివరి వరుస కూడా భారతి తడుముకోకుండా చదివింది.

మిగిలింది రంగుల పుస్తకం. పేజీకొక గుండ్రం. గుండ్రం నిండా రంగురంగుల చుక్కలు. చుక్కల మధ్య వేరే రంగు చుక్కలతో ఒక అంకె. రంగులు సరిగ్గా తెలిసే కంటికి అంకె కనిపిస్తుంది, తెలియని కంటికి ఉట్టి చుక్కలే. వైర్లు కూర్చే పనికి ఇది ముఖ్యమని కంపెనీ వాళ్లు ఆ గడిని బోల్డు అక్షరాల్లో అచ్చేయించారు.

“ఇదెంత?”

“పన్నెండు.”

మొదటి పేజీ ఎవరికైనా కనిపిస్తుంది. గీతాంజలి రెండోది తిప్పింది. భారతి ముందుకు వంగింది. మెడ ఆమెకు ముందుకు వంగే ఉంది, ఇంకా వంచింది.

“అంకె లేదు మేడమ్.”

“సరిగ్గా చూడండక్కా.”

“చూస్తాండా. కందిపప్పు, శనగపప్పు కలిపి చల్లినట్లుండాది. అంకె లేదు.” మూడో పేజీ. “ఈడా లేదు.” నాలుగోది. “లేదు.”

పద్నాలుగు పేజీల్లో పదకొండింటికి లేదంది. గీతాంజలి పెన్ను ఆ గడిలో ‘లోపం ఉంది’ అని రాసేసింది. రాయడం అయ్యాకే తలెత్తింది.

“నాకా?” భారతి మొదట నవ్వింది. ఎదుటి మనిషి నవ్వకపోయేసరికి ముఖం మారింది. “మేడమ్, నేను అచ్చతికేదాన్ని. మగ్గం మీద పాత పడుగు అయిపోతే దాని కొసలకు కొత్త పడుగు పోగు పోగూ అతికేది నేనే. వేల పోగులు. ఎరుపులోనే పద్దెనిమిది ఎరుపులు తెలుసు నాకు. దానిమ్మ ఎరుపు వేరే, వక్క ఎరుపు వేరే, మిరపపండు ఎరుపు వేరే. నాకు రంగు తెలీదా?”

“పద్దెనిమిది ఎరుపులు తెలిసినామెకు ఒక అంకె కనపడలేదంట!” తిమ్మరాజు గుమ్మంలోంచే నవ్వాడు. వ్యాన్‌లో వచ్చినవాళ్లు కొందరు కూడా నవ్వారు. నవ్వక ఏం చేస్తారు, వాళ్ల వంతు ఇంకా రాలేదు.

లోపల డాక్టర్ ఫోన్‌లో మాట్లాడుతూనే కాగితాల కట్ట మీద సంతకాలు పెట్టుకుంటూ పోయాడు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే రకం ఆయన. ఆరు నెలల దాకా మళ్లీ పరీక్ష లేదని కింద ముద్ర పడింది. భారతి తన కాపీని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. స్టేషన్ దారి పట్టింది.

తర్వాతి పిల్ల కూర్చుంది. గీతాంజలి మనసు మనసులో లేదు. పుస్తకం చేతిలోంచి జారి బల్ల మీద మధ్య పేజీ తెరుచుకుని పడింది.

“పన్నెండు,” అంది ఆ పిల్ల.

గీతాంజలి ఆమె ముఖంలోకి చూసింది. పుస్తకాన్ని తలకిందులు చేసి వెనకనుంచి ఒక పేజీ తీసింది.

“ఎనిమిది.”

ఇంకోటి.

“ఇరవై తొమ్మిది.” తడబాటు లేదు. ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పుకుపోతోంది. గీతాంజలి పుస్తకం మూసేసింది.

“ఎవరు నేర్పించినారు నీకు?”

ఆ పిల్ల తిమ్మరాజు వైపు చూసి తల దించుకుంది. గది తుడవడానికి వచ్చిన ఆయా చిన్నమ్మ చీపురు ఆపింది. “నీకు తెలీదా పాపా? వ్యాన్‌లో వచ్చేటప్పుడే బట్టీ పట్టిస్తాడు ఆయప్ప. రొద్దం దాటేలోపల అందరికీ నోటికొస్తాది. పాపం, ఆ ధర్మవరమామె రైల్లో వచ్చె.”

గీతాంజలి పుస్తకాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. ఇన్నాళ్లూ ట్యూబులైటు కింద, జవాబుల కాగితం పక్కన పెట్టుకుని చూసింది. ఎనిమిది అని తెలిశాక ఎనిమిది కనిపించకేం చేస్తుంది? ఎండలో పెట్టి చూస్తే అంచులు కోసి స్పైరల్ కుట్టిన కలర్ జిరాక్సు అది. ఎర్రచుక్కలు ఇటుకరంగుకు, పచ్చచుక్కలు అదే ఇటుకరంగుకు దిగిపోయాయి.

“చిన్నమ్మక్కా, దీంట్లో ఏమన్నా కనపడతాండాదా?”

చిన్నమ్మ కళ్లు చికిలించింది. “ఏముండాది ఆడ? దద్దుర్లు లేసినట్లుండాది.”

చదువుకునేటప్పుడు విన్న సంగతి ఇప్పుడు తగిలింది. ఈ లోపం మగవాళ్లలోనే ఎక్కువ, ఆడవాళ్లలో వెయ్యికి నలుగురైదుగురికి ఉంటే గొప్ప. గడిచిన మూడు నెలల్లో తన చేత్తో తాను నలుగురికి రాసింది. అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. బరువు మిషన్‌ను రోజూ తన్ని సున్నాకు తెచ్చిన మనిషి పుస్తకాన్ని ఒక్కనాడు ఎండలో పెట్టి చూసుకోలేదు. తన మీద తనకే మంట పుట్టింది.

డాక్టర్ ఫోన్ పెట్టేదాకా నిలబడి అంతా చెప్పింది. ఆయన విన్నాడు. విన్నాననేందుకు గుర్తుగా తలాడించాడు కూడా.

“రాసింది నువ్వే కదమ్మా?”

“నేనే సార్. తప్పు రాసినా.”

“అసలు పుస్తకం హిందూపురంలో మా మెయిన్ బ్రాంచిలో ఉండాలి. రేపు శాంపిల్స్ తీసుకుని పోతావు కదా, తెచ్చుకో. ఇకమీదట దాంతో చెయ్. అయిపోయినవి మాత్రం కదిలించొద్దు.”

మంగళవారం రక్తం శాంపిళ్ల ఐసు పెట్టె ఒళ్లో పెట్టుకుని ఆమె హిందూపురం బస్సెక్కింది. మెయిన్ బ్రాంచిలో స్టోరు చూసే హేమావతి మూడు బీరువాలు వెతికించి, ఇంతకూ అది తన పని కాదని నాలుగుసార్లు చెప్పి, చివరికి ఎక్స్‌రే కవర్ల కింద నుంచి నల్లటి అట్ట పుస్తకం లాగింది. సంతకం పెట్టించుకుంది. ఎందుకు ఇంత తొందరని అడిగింది.

“ఎండలో చూడల్ల మేడమ్,” అని గీతాంజలి బయటికి నడిచింది.

మెట్ల మీద నిలబడి రెండో పేజీ తెరిచింది. ఎనిమిది పైకి లేచి వచ్చింది. ఏ జవాబుల కాగితమూ అక్కర్లేదు. రోడ్డు మీద పోతున్న వాళ్లను పిలిచి చూపించాలనిపించింది. అంత కోపం, అంత సిగ్గు ఒకేసారి వచ్చాయి.

సాయంత్రం క్లినిక్‌కు రాగానే రెండు పుస్తకాలూ డాక్టర్ బల్ల మీద పక్కపక్కన పరిచింది. ఆయన చూసి ఒక్క క్షణం ఆగాడు. తెలియకేం, చదువుకున్నవాడు. ఆగిపోవడంలోనే తెలిసింది.

“చూడమ్మా. ఆమెకొక్కదానికి మారిస్తే మిగతావాళ్లకెందుకు మార్చలేదంటారు. అందరికీ మారిస్తే ఇన్నాళ్లూ ఏం చేసినారంటారు. కంపెనీ వేరే క్లినిక్ చూసుకుంటుంది. అప్పుడు నీకూ నాకూ పనుండదు.”

“మరి ఆయమ్మకు సార్?”

“ఆర్నెల్లు. ఆర్నెల్లెంత సేపు?”

ఆర్నెల్లు ఎంతసేపో ఎదురుచూసేవాళ్లకు తెలుస్తుంది. గీతాంజలి వరండాలోకి వచ్చి, కాగితంలో ఉన్న నంబరుకు ఫోన్ చేసింది. మళ్లీ పరీక్ష చేయించడానికి చూస్తున్నానని మాత్రం చెబుదామనుకుంది.

“ఇంగెందుకులే మేడమ్,” అంది భారతి. గొంతు నీరసంగా ఉంది. “ఈడ గూడ అచ్చు పని తీసేసినారు.”

“ఎవరు?”

“మా సావుకారి వీరభద్రయ్య. ఒకటో తారీకు నుంచి కంపెనీకి పోతానని చెప్పింటిని కదా. ఇప్పుడెందుకు పోవంటే ఏం చెప్పల్ల? మీరిచ్చిన కాగితమే చూపిస్తి. కంటికి రంగు తెలీదని డాక్టరే రాసిండాడు, పెండ్లి చీరల అచ్చు నీ చేతికెట్లిచ్చేదన్నాడు. ఇప్పుడు తెల్లపట్టు కండెలు చుడతాండా. తెలుపైతే తప్పు పోదు కదా.”

ఉన్న పని వదిలి కొత్త పనికి వచ్చిన మనిషికి, కొత్తది రాకుండా చేసి ఉన్నదీ ఊడగొట్టి పంపింది తాను. గీతాంజలి ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత లోపలికి పోయింది.

“రేపు లీవు కావల్ల సార్. పుస్తకం తీసుకుని ధర్మవరం పోతాండా.”

అమర్‌నాథ్ కళ్లద్దాలు తీశాడు. “పో. ఆపను. కానీ క్లినిక్ పేరున్న కాగితం మీద ఒక్కక్షరం రాసినా, మళ్లీ ఈడికి రావద్దు.”

బుధవారం పదిగంటలకు ఆమె ధర్మవరంలో దిగింది. స్టేషన్ నుంచి ఆటోలో పోతుంటే వీధి వీధంతా మగ్గాల చప్పుడు. వీరభద్రయ్య ఇంటి ముందు హాలులో నాలుగు మగ్గాలు. ఒకటి మాత్రం ఆగి ఉంది. పాత పడుగు కొసలు వేలాడుతున్నాయి, కొత్త పడుగు చుట్టి పక్కన పెట్టి ఉంది, అతికే చేతుల కోసం. భారతి ఓ మూల రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. గీతాంజలిని చూసి లేవబోయి, లేవలేదు.

వీరభద్రయ్య అరవై ఏళ్ల మనిషి. చెడ్డవాడేం కాదు. చాపేసి కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు.

“నేనేం చేసేదమ్మా చెప్పు. పదేండ్లుగా ఈమె అతికిందాంట్లో నేను తప్పు ఏరింది లేదు. కానీ డాక్టరు సంతకం పెట్టిన కాగితమది. నా కండ్లు నమ్మల్లనా, డాక్టర్ని నమ్మల్లనా? రేపు ఒక చీర తేడా వస్తే, తెలిసి తెలిసి ఎట్లిచ్చినావని మా వాళ్లే అడుగుతారు.”

“ఆ పరీక్షే తప్పు సార్. మళ్లీ చేస్తా, మీరే చూడండి.”

ఆమె భారతిని వెలుతురు పడే గడప దగ్గర కూర్చోబెట్టింది. ఎండ నేరుగా పేజీ మీద పడకుండా తన నీడ అడ్డం పెట్టింది. పుస్తకాన్ని చేయి చాచినంత దూరంలో నిటారుగా పట్టుకుంది. పేజీకి మూడు క్షణాలని చెప్పింది.

“పన్నెండు,” అంది భారతి.

రెండో పేజీ తిప్పింది. భారతి పెదవి కదిలింది, మాట రాలేదు. మూడు క్షణాలు, ఆరు, పది.

“కనపడలేదా అక్కా?”

“కనపడతాండాది.” గొంతు దిగిపోయింది. “ఆడ నిజంగా ఉండాదో, నాకే ఉన్నట్లుండాదో తెలీలేదు మేడమ్. నిన్న గూడ ఇట్లే అయ్యె. మా ఆడబిడ్డ చీర ఆరేస్తా ఉంటే, ఇది ఆకుపచ్చేనా అని అడిగితి. ఆమె నవ్వె.”

తాను చేసిన తప్పు ఎంత దూరం పోయిందో గీతాంజలికి ఆ క్షణం వరకూ తెలియలేదు. పని పోతే ఇంకో పని వెతుక్కోవచ్చు. తన కంటిని తానే నమ్మని మనిషి ఎక్కడికి పోతుంది?

“కనపడిందే చెప్పండక్కా. తప్పైతే తప్పు కానీ.”

“ఎనిమిది.”

“ఇది?”

“ఇరవై తొమ్మిది... అయిదు... మూడు.” గొంతు కొంచెం కొంచెంగా పైకొచ్చింది. పద్నాలుగుకు పద్నాలుగు. మగ్గాల మీద ఉన్న ముగ్గురూ నేత ఆపి చూస్తున్నారు.

వీరభద్రయ్య గడ్డం నిమురుకున్నాడు. “బాగుంది. కానీ నోటిమాటకు విలువేముంటుందమ్మా? ఆ కాగితం ఊరంతా తెలిసిపోయె. దాన్ని కొట్టేసే కాగితం కావల్ల. డాక్టరు రాసిచ్చినాడా?”

“ఇయ్యలేదు.”

“మరి?”

“తెల్లకాగితం ఒకటియ్యండి.”

వీరభద్రయ్య మనవరాలి నోటుబుక్కులోంచి చింపిన కాగితం తెచ్చారు. గీతాంజలి చాప మీద కూర్చుని, మజ్జిగ గ్లాసు పక్కకు జరిపి రాసింది. సోమవారం భారతికి రంగుల పరీక్ష చేసింది నేను. వాడింది రంగు పోయిన జిరాక్సు పుస్తకం. అది చూసుకోవడం నా బాధ్యత, చూసుకోలేదు. ఈ రోజు అసలు పుస్తకంతో మళ్లీ చేశాను, అన్ని పేజీలూ సరిగ్గా చదివింది. లోపం ఆమె కళ్లలో లేదు, నా పరీక్షలో ఉంది. కింద పూర్తి పేరు, ఊరు, ఫోన్ నంబరు. ఇదే మాట కంపెనీకీ, తాను తప్పు రాసిన మిగతా ముగ్గురికీ రాయాలి. అది క్లినిక్‌కు తెలియకుండా ఉండదు. తెలిసినాక ఉద్యోగం ఉండదు. అయినా అక్షరం వంకర పోలేదు.

వీరభద్రయ్య అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు, అక్కడేమీ లేదు.

“ముద్ర లేదు. డాక్టరు సంతకమూ లేదు.”

“లేదు సార్.”

“నీ ఉద్యోగానికేం కాదా?”

“అవుతుంది.”

ఆయన కాగితాన్ని మళ్లీ ఇటు తిప్పాడు. “నా వయసులో ఎన్నో ఆఫీసులకు తిరిగినా. తప్పు నాదని రాసిన కాగితం ఒక్కటి చూడలే. ముద్రలున్నవన్నీ తప్పు నీదనేవే.” అంటూ దాన్ని దేవుడి పటం వెనక పెట్టబోయి, మళ్లీ ఆలోచించి, అందరికీ కనపడేట్టు గోడ మేకుకు గుచ్చాడు. “భారతమ్మా, లెయ్. మగ్గం రెండురోజుల్నుంచి ఊరకే ఉండాది.”

భారతి లేచింది. చేతులు చీరకు తుడుచుకుని ఆగిన మగ్గం దగ్గరికి వెళ్లింది. అంచుకు వెయ్యడానికి తెచ్చిన ఎర్రపట్టు పోగుల లచ్చులు రెండు చేతిలోకి తీసుకుంది. ఒకదాని పక్కన ఒకటి పట్టుకుంది. అతకడం మొదలుపెట్టలేదు. తిరిగి గీతాంజలి దగ్గరికి వచ్చింది.

“పాపా, ఈ రెండూ ఒకటేనా, చెప్పు.”

గీతాంజలి చూసింది. వెలుతురులోకి తీసుకెళ్లి చూసింది. రెండూ ఒకే ఎరుపు. ఎంత చూసినా ఒకటే. అవును అని నోటి దాకా వచ్చింది. మూడు నెలలుగా ఎదురుగా కూర్చున్న ప్రతి మనిషికీ అవునో కాదో చెప్పిన నోరు అది.

“నాకు తెలీదక్కా,” అంది. “నా కండ్లకు అంత పని తెలీదు. నువ్వే చెప్పల్ల.”

భారతి ఆమె వైపు ఆశ్చర్యంగా చూసింది. తర్వాత లచ్చుల వైపు చూసింది. ఈసారి మెడ వంచలేదు. బొటనవేలితో పోగులు విడదీసి, ఒకటి పైకి, ఒకటి కిందికి పట్టుకుంది.

“ఒకటి కాదు,” అంది. మళ్లీ, ఇంకా గట్టిగా అంది. “ఇది వేరే బానలో రంగేసింది. వెయ్యకూడదు.”

వీరభద్రయ్య వచ్చి రెండింటికీ కట్టిన బాన నంబర్ల చీటీలు చూశాడు. ఒక లచ్చి తీసుకుని పక్కన పెట్టాడు. భారతి మగ్గం ముందు కూర్చుని, మొదటి పోగు కొసలు రెండూ వేళ్ల మధ్య పెట్టి మెలి తిప్పింది.